ఆపరేషన్ తొలికోడి

గణేష్ మధిర స్టేషన్‌లో చనిపోయినప్పుడు టైము ఉదయం ఏడు దాటి పది నిమిషాలు. అతని కాలేయం లెక్కన మాత్రం అది అర్ధరాత్రి. గుండె లెక్కన మిట్టమధ్యాహ్నం.

ఈ సంగతి పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టర్‌కి తెలియదు. ఆయన హార్ట్ ఎటాక్ అని రాసి సంతకం పెట్టాడు. ముప్పై ఒక్కేళ్ల ల్యాబ్ టెక్నీషియన్, ఊరు తల్లాడ. ఖమ్మంలో రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు, వెంట తెచ్చుకున్న ఫ్లాస్క్‌లోంచి టీ తాగాడు, బోనకల్లు దాటాక కళ్ళు మూసుకున్నాడు. మధిర వచ్చిందని ఎదుటి సీటు పెద్దాయన భుజం తట్టి లేపబోతే పక్కకి ఒరిగిపోయాడు.

ప్లాట్‌ఫామ్ మీద అతని కోసం ఒక మనిషి ఎదురుచూస్తున్నాడు. గుంపులో కలిసి బోగీలోకి ఎక్కి, టిఫిన్ బాక్స్ మాత్రం తీసుకుని దిగిపోయాడు. అందులో పెరుగన్నం కింద, పాలిథీన్ కాగితంలో చుట్టిన అతని సొంత రక్తం ట్యూబు ఉంది. కాలేయం, గుండె సంగతులు బయటపెట్టింది హైదరాబాద్‌లో బోర్డు లేని ఒక ల్యాబ్. ట్యూబుతో పాటు గణేష్ శరీరం నుంచి రహస్యంగా తీసిన నాలుగు ముక్కలు కూడా అక్కడికి చేరాయి.

*

ఖమ్మం మిర్చి మార్కెట్ వెనక, కోల్డ్ స్టోరేజీ పక్క బిల్డింగులో రెండో అంతస్తు. కింద షాపుల వాళ్ళు దాన్ని ఇన్సూరెన్స్ ఆఫీసు అనుకుంటారు. నిజానికి అది డెస్క్-సెవెన్ అనే రహస్య నిఘా విభాగం. దాని చీఫ్ నిర్మలాదేవిని ఎవరు చూసినా హైస్కూల్ హెడ్‌మిస్ట్రెస్ అనుకుంటారు. నేత చీర, మెడలో తాడుకి వేలాడే కళ్ళద్దాలు, వయసు యాభై నాలుగు.

"కూర్చో రాందాస్. నిద్ర పడుతోందా?"

"పడుకుంటున్నా మేడమ్."

"ఆకలి?"

"టైముకి తింటున్నా."

అడిగినదానికి ఆ రెండూ జవాబులు కావని ఆమెకి తెలుసు. ఫైల్ తెరిచింది.

బానోత్ రాందాస్‌ది ఏన్కూరు దగ్గర ఒక తండా. వయసు ముప్పై తొమ్మిది. అంతకుముందు ఏడాది విదేశంలో పట్టుబడ్డాడు. కిటికీ లేని గదిలో ఏడు నెలలు ఉంచారు. ఆ గదిలో బల్బు ఒక్క నిమిషం కూడా ఆర్పలేదు. ఖైదీల మార్పిడిలో తిరిగొచ్చాక డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి, ఒంట్లో లోపమేమీ లేదన్నారు. లోపం లేని ఒంటితో అతను తింటున్నాడు, నడుస్తున్నాడు, పలకరిస్తే పలుకుతున్నాడు. కూరలో కారం ఎక్కువైందో ఉప్పు తక్కువైందో తెలియడం లేదు. బంధువుల పెళ్ళిలో నవ్వాల్సిన చోట నవ్వాడు, ఎక్కడ నవ్వాలో చుట్టూ చూసి తెలుసుకుని.

నిర్మలాదేవి లేచి వైట్‌బోర్డు మీద బావి గిలక బొమ్మ గీసింది. దానికి రెండు వైపులా రెండు బకెట్లు.

"మన ఒంట్లో ప్రతి కణానికీ ఒక గడియారం ఉంది. దాన్ని నడిపే జీన్ పేరు బీమాల్-వన్. కణం నడిమధ్య, న్యూక్లియస్‌లో, ఆ జీన్‌కి ఇద్దరు కాపలాదార్లు ఉంటారు. న్యూక్లియర్ రిసెప్టర్లు అంటారు. బాంబుకీ వీటికీ సంబంధం లేదు. రోర్ అనేది జీన్‌ని లేపుతుంది. రెవ్-ఎర్బ్ అనేది అణిచేస్తుంది. ఒక బకెట్ పైకొస్తే ఇంకోటి కిందికి. ఈ లాగులాట ఒక చుట్టు తిరగడానికి ఇరవై నాలుగు గంటలు. మనకి పొద్దున మెలకువ రావడం, రాత్రి నిద్ర రావడం, వేళకి ఆకలవడం, వీటన్నిటి వెనకా అదే."

"గణేష్ రక్తంలో ఏముంది?"

"ఆర్-నైన్. వెళ్ళి రెవ్-ఎర్బ్ మీద కూర్చుంటుంది. ఇక లేవదు. గిలక పట్టేస్తుంది." బొమ్మ మీద అడ్డంగా గీత కొట్టింది. "మనిషి బతికే ఉంటాడు. పని చేస్తాడు. అలసట తెలియదు, నిద్ర రాదు. మెరిడియన్ అనే విదేశీ ముఠా దీన్ని సైన్యాలకి అమ్మజూపుతోంది. కానీ అసలు సరుకు ఇది కాదు, రెండోది. ఎర్ర మాత్ర. దాదాపు మూడు వారాలు ఆర్-నైన్ వాడినవాడికి అది ఇస్తే, ఆగిన గడియారాలన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి, ఒక్కో అవయవం ఒక్కో టైముతో. గుండె ఎవరి మాట వినాలో తెలియక నలభై నిమిషాల్లో ఆగిపోతుంది."

"గణేష్ టీలో కలిపారు."

"అవును. రేపు ఏదో సైనిక క్యాంపు నీళ్ళలో మొదటిది కలుపుతారు. మూడు వారాల తర్వాత ఒక పొద్దున రెండోది. బుల్లెట్ ఉండదు, చప్పుడు ఉండదు."

భద్రాచలం అవతల, రాష్ట్ర సరిహద్దు అడవి అంచున రేలగూడెం. అరవై ముగ్గురు మనుషులు. సూర్యోదయ హెల్త్ మిషన్ అనే మెరిడియన్ ముసుగు సంస్థ అక్కడ విటమిన్ క్యాంపు నడుపుతోంది. పైన ఉన్నవాడు డాక్టర్ ఆడ్రియన్ వోల్క్, విదేశీయుడు. కింద అంతా చూసుకునేది ప్రోగ్రామ్ డైరెక్టర్ పద్మప్రియ. గణేష్ పనిచేస్తూ డెస్క్‌కి కబుర్లు పంపింది అక్కడి నుంచే.

"ఏప్రిల్ పన్నెండున ట్రయల్ ముగుస్తుంది," అంది నిర్మలాదేవి. "ముగించడమంటే ఏం చేస్తారో తెలియాలి. ఫార్ములా ఉన్న వోల్క్ బ్రీఫ్‌కేసు కావాలి. అరవై ముగ్గురూ బతికుండాలి."

"ఏ వరుసలో?"

"నేను చెప్పిన వరుసని కింద నుంచి చదువుకో."

అతనికి ఇచ్చినవి మూడు. ఒంటి వేడిని గంట గంటకీ రికార్డు చేసే రిస్ట్‌వాచ్, మూత రెండుసార్లు నొక్కితే సిగ్నల్ పంపే ఖైనీ డబ్బా, భీమ్లా అనే పేరుతో డ్రైవింగ్ లైసెన్స్. సంస్థలో మన మనిషి ఒకరున్నారని, అవసరమైతే వాళ్ళే పలకరిస్తారని చెప్పింది. వాళ్ళు 'గోదారి ఇవాళ ఏ రంగుంది?' అంటారు. 'కళ్ళజోడు తీశాక చెప్తా' అనాలి.

"స్టాఫ్ కూడా మాత్ర మింగాలి," అంది చివర్లో. "నోరు తెరిపించి చూస్తారు. వారం వారం రక్తం తీస్తారు. తప్పించుకోవడానికి లేదు. ఇరవై రోజులు దాటనివ్వకు."

రాందాస్ తల ఊపాడు. భయపడాల్సిన చోటని తెలుసు. భయం రాలేదు.

*

భద్రాచలం ఆఫీసులో పద్మప్రియ అతని లైసెన్స్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. మధిర వైపు ఆమె. నల్ల కళ్ళజోడు, మడత నలగని పట్టుచీర, చేతికి ఒకే ఒక్క సన్నటి గాజు. ఆమె గదిలోకి వస్తే ముందు సెంటు వాసన వస్తుంది, వెళ్ళాక గుమాస్తాలు కాసేపు పని మరిచిపోతారు.

"ఎన్నేళ్ళుగా తోలుతున్నావు భీమ్లా?"

"పదైదేండ్ల సంది మేడమ్. లారీ తోలిన, అంబులెన్స్ తోలిన."

"ఇక్కడ ఒక్కోసారి ముప్పై గంటలు ఆగకుండా తోలాలి. విటమిన్ ఇస్తాం. రోజూ వేసుకోవాలి."

తెల్లటి మాత్రని తన చేత్తోనే ఇచ్చింది. మింగాడు. "నోరు తెరువు. నాలుక ఎత్తు." ఎత్తాడు. ఆమె కళ్ళు ఎటు చూస్తున్నాయో ఆ నల్ల అద్దాల వెనక తెలియలేదు.

రేలగూడెం వెళ్ళే దారిలో మొదట అతనికి వాసన తగిలింది. ఇప్పపూలు పులిసిన వాసన. చెట్ల కింద తెల్లగా రాలిన పూలు ఎండకి గోధుమరంగుకి తిరిగి, పొరలు పొరలుగా పడి ఉన్నాయి. ఇప్పపువ్వు తెల్లారుజామున రాలుతుంది. ఎండెక్కక ముందే బుట్టలు పట్టుకుని ఏరుకోవాలి. ఏడాదిలో ఆ నాలుగు వారాలే. ఇక్కడ పందులు తినగా మిగిలినవి పురుగు పడుతున్నాయి.

జంపక్క వాకిట్లో కూర్చుని ఉంది. నలభై ఐదేళ్ళ కోయ మనిషి, ఆడవాళ్ళ గుంపుకి పెద్ద. ఖాళీ బుట్ట పక్కనే ఉంది.

"పువ్వు ఏరలేదా అక్కా?" అని అడిగాడు రాందాస్, మందుల పెట్టె దించుతూ.

"చిన్నప్పటి సంది తొలికోడికి ముందే లేస్తి. గిప్పుడు కోడి కూస్తది. ఇనబడుతది. గని లెవ్వాలని అనిపియ్యదు." ఖాళీ బుట్టని పక్కకి జరిపింది. "పండాలని గూడ అనిపియ్యదు."

"ఒంట్ల బాధ గిట్ల ఉన్నదా?"

"బాధుంటె మంచిగుండు. ఏం లేదు."

రాందాస్ పెట్టె కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. తిరిగొచ్చినప్పటి నుంచీ డాక్టర్లకి తను చెప్పలేకపోయిన మాటని ఆమె రెండు ముక్కల్లో చెప్పేసింది.

పక్క గుడిసె ముందు దుంగ మీద బొజ్జయ్య. గూడెం పెద్ద, డెబ్బై దాటాయి. సరిగ్గా నిద్రపోయి పంతొమ్మిది రోజులైందని ఆయన మనవరాలు యశోద చెప్పింది. ముసలాయన ముందున్న అన్నం గిన్నె చూసి, "నేను తిన్ననా, తినలేదా?" అని రాందాస్‌ని అడిగాడు. గిన్నె నిండుగానే ఉంది.

"తినలేదు తాతా."

"అవ్," అన్నాడు బొజ్జయ్య. అయినా చెయ్యి కదపలేదు.

రోజులు గడిచాయి. రాందాస్ మందులు చేర్చాడు, రక్తం ట్యూబులు తెచ్చాడు, వోల్క్‌ని తిప్పాడు. వోల్క్ పొడుగ్గా, మర్యాదగా ఉంటాడు. తెలుగులో నేర్చుకున్నవి ఓ ఇరవై మాటలు. 'తినండి', 'మింగండి', 'మంచిది' అనే మూడూ ఎక్కువ వాడతాడు. ఉదయం ఆరింటికి ఇత్తడి గంట కొడతాడు. గంట వినగానే అరవై మూడు చేతులు నోటి దగ్గరికి వెళ్తాయి.

పదో రోజు రాందాస్ డెస్క్‌కి రిపోర్టు పంపాడు. నాలుక మీద రుచి లేదు, నిద్ర లోతుగా లేదు, దేనిమీదా కోపం గానీ ఇష్టం గానీ లేదు, ఆర్-నైన్ ప్రభావం మొదలైనట్టుంది. రాశాక కొంచెం తేలిక పడ్డట్టు అనిపించింది. ఇన్నాళ్ళకి తన స్థితికి ఒక కారణం దొరికింది. తెల్లటిది, గుండ్రటిది.

*

ఏప్రిల్ పదకొండు మధ్యాహ్నం. రాందాస్, పద్మప్రియ భద్రాచలం నుంచి గూడేనికి వస్తున్నారు. గోదావరి కనిపించే మలుపులో బండి ఆపమంది. దిగి, ఒడ్డున రాళ్ళ మీద నిలబడింది. ఎండ నలభై రెండు దాటింది. దగ్గర్లో మనిషి లేడు.

"గోదారి ఇవాళ ఏ రంగుంది భీమ్లా?"

అతను నీళ్ళ వైపు చూశాడు. "కళ్ళజోడు తీశాక చెప్తా."

ఆమె తీసింది. కళ్ళు ఎర్రగా, ఉబ్బి ఉన్నాయి. ఆ మొహం మీద సరిగా తయారవనివి అవి రెండే.

"రేపు ఉదయం గంట కొట్టాక ఇచ్చేది విటమిన్ కాదు, ఎర్ర మాత్ర," అంది. "అరవై ముగ్గురికీ. ట్రయల్ ముగించడమంటే అదే. ఈ ఎండల్లో అడవి ఊళ్ళో చనిపోతే ఎవరైనా వడదెబ్బ అనుకుంటారు. వోల్క్ కేసు పట్టుకుని సరిహద్దు రోడ్డు మీదుగా వెళ్ళిపోతాడు. అవతల బండి ఉంది."

"ఇవాళే రైడ్ చేస్తే?"

"కేసులో యాసిడ్ సీసా ఉంది. అనుమానం వస్తే పగలగొడతాడు, ఆధారం మిగలదు. పైగా నిర్మలా మేడమ్ టీమ్ పొద్దునకి గానీ రాదు. వచ్చినా భద్రాచలం రోడ్డు చెక్‌పోస్టు వరకే. సరిహద్దు వైపు అవతలి రాష్ట్రం, పర్మిషన్ రాలేదు. మాత్రలు పంచేది నేనే. ఎర్ర రంగు చక్కెర బిళ్ళలు చేయించాను. మార్చేస్తాను."

"సరే."

"ఇంకో మాట. నువ్వు ఆర్-నైన్ మీద లేవు. పరీక్షలో కొందరికి ఉత్త సున్నం బిళ్ళ ఇస్తారు, పోల్చుకోవడానికి. నిన్ను మొదటి రోజే ఆ లిస్టులో వేశాను."

"ఎన్ని రోజులు?"

"పద్దెనిమిది రోజులూ."

రాందాస్ చేతి వాచ్ వైపు చూశాడు. "అయితే ఇదంతా..." అని ఆగిపోయాడు.

"ఏంటి?"

"ఏం లేదు మేడమ్."

ఆమె కళ్ళజోడు చేతిలో తిప్పుతూ నిలబడింది. "గణేష్‌కి ఫ్లాస్క్ ఇచ్చింది నేనే. లోపల ఎవరో సమాచారం పంపుతున్నారని వోల్క్‌కి అనుమానం వచ్చింది. గణేష్‌కి టీ పోసి ఇవ్వమని, ఒక పొట్లం నా చేతిలో పెట్టాడు. అందులో ఏముందో చెప్పలేదు. నేను అడగలేదు." గొంతు మారలేదు. "ఒప్పుకోకపోతే నేనే అని తెలిసిపోయేది. గూడెంలో ఇంతమంది. లెక్క వేసుకున్నాను."

రాందాస్ తనలో కోపం కోసం వెతికాడు, తాళంచెవి కోసం జేబు తడుముకున్నట్టు. దొరకలేదు. గణేష్ మొహం ఫోటోలో ఎలా ఉందో గుర్తు తెచ్చుకున్నాడు. అప్పుడూ రాలేదు.

"ఎక్కండి మేడమ్," అన్నాడు. "లేటైతది."

కానీ అరవై మూడు ప్రాణాలని ఆమె ప్లాన్ ఒక్కదానికే వదిలేయడం అతనికి సరి అనిపించలేదు. పొద్దు వాలుతుండగా జంపక్క ఇంటికి బియ్యం సంచి మోసే నెపంతో వెళ్ళి, లోపలికి పిలిచి చెప్పాడు.

"అక్కా, రేపు ఎర్ర గోలీ ఇస్తరు. ఎవ్వలు మింగొద్దు. మింగినట్టే చేసి దాచుకోవాలె. ఎవ్వలు మింగినా మీరు మింగొద్దు. నేను మింగినా మింగొద్దు."

ఆమె అతన్ని చూసింది. "మింగితే?"

"సస్తరు."

జంపక్క మొహంలో ఏమీ కదలలేదు. అది ధైర్యం కాదని, ఆర్-నైన్ అని ఇద్దరికీ తెలుసు. "చెప్త," అంది. లేచి కోయ భాషలో పక్కింటావిడని పిలిచింది.

*

పన్నెండో తేదీ, ఉదయం ఆరు కావస్తోంది. అందరూ రెండు వరుసల్లో కూర్చున్నారు. ముందు ఆకు దొప్పలు. రాందాస్ జావ పోస్తున్నాడు. ఇద్దరు గార్డులు చెరో చివర నిలబడ్డారు.

వోల్క్ వెండిరంగు కేసుతో బయటికొచ్చాడు. పద్మప్రియ ట్రే కోసం చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు.

"నువ్వు వెళ్ళి కారు స్టార్ట్ చెయ్యి," అన్నాడు ఇంగ్లీషులో. "ఇవాళ నేనే పంచుతాను. చివరి రోజు కదా."

ఆమె రాందాస్ వైపు ఒక్కసారి తల తిప్పి, కారు వైపు నడిచింది. చక్కెర బిళ్ళలు ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోయాయి.

రాందాస్ ఖైనీ డబ్బా మూత రెండుసార్లు నొక్కాడు. టీమ్ ఉన్న చెక్‌పోస్టు ఇరవై నిమిషాల దూరం. మాత్ర మింగడానికి ఒక్క గుటక.

ప్రతి దొప్ప పక్కనా ఒక ఎర్ర మాత్ర పడింది. గంట మోగింది. ఏ చెయ్యీ కదలలేదు.

"మింగండి," అన్నాడు వోల్క్. "మంచిది."

ఎవరూ కదలలేదు. వోల్క్ నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం వరుసలన్నీ వెతికి డ్రైవర్ మీద ఆగాయి. వచ్చి అతని అరచేతిలో ఒక మాత్ర పెట్టాడు.

"ముందు నువ్వు."

రాందాస్ ఆ మాత్రని చూశాడు. తను సున్నం బిళ్ళల లిస్టులో ఉన్నాడని చెప్పింది ఒక్క పద్మప్రియ. గణేష్‌కి టీ పోసిన మనిషి. ఆమె నిజం చెబితే ఈ మాత్ర అతన్నేం చేయదు. అబద్ధమైతే నలభై నిమిషాలు. నమ్మాలా వద్దా అని ఆలోచించడానికి లోపల ఏదో ఒకటి ఇటో అటో లాగాలి. ఏదీ లాగలేదు. అరవై ముగ్గురు చూస్తున్నారు. నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. నోరు తెరిచాడు, నాలుక ఎత్తాడు. వాచ్‌లో ఆరు దాటి నాలుగు నిమిషాలు.

వోల్క్ భుజం తట్టాడు. అదే అదనుగా జంపక్క చిన్నగా దగ్గింది. వరుసల్లో చేతులు లేచాయి, నోటి దాకా వెళ్ళాయి, నీళ్ళు గుటకలు పడ్డాయి. మాత్రలు కొంగుముడుల్లోకి, దొప్పల మడతల్లోకి, పంచెల అంచుల్లోకి జారిపోయాయి. వారాల తరబడి ఏ భావమూ చూపించని మొహాలు ఇప్పుడూ ఏమీ చూపించలేదు. వోల్క్ తృప్తిగా కేసు ఎత్తుకున్నాడు.

అప్పుడు రాందాస్ బొజ్జయ్యని చూశాడు. నిన్న సాయంత్రం జంపక్క చెప్పింది ఆయన విన్నాడు, అవ్ అన్నాడు, మరిచిపోయాడు. ఎదురుగా డ్రైవర్ మింగడం చూశాడు. మాత్ర ఆయన నాలుక మీద ఉంది. నీళ్ళ చెంబు పెదవులకి తాకింది.

ఎనిమిది అడుగులు. రాందాస్ జావ గరిటె వదిలేసి దూకాడు. చెంబు ఎగిరిపోయింది. ముసలాయన దవడ పట్టుకుని, రెండు వేళ్ళు నోట్లోకి పోనిచ్చి, నాలుక వెనక్కి జారిపోతున్న మాత్రని బయటికి లాగాడు. సగం కరిగి, వేళ్ళకి ఎర్రగా అంటుకుంది.

"ఉమ్ము తాతా. మళ్ళ ఉమ్ము."

బొజ్జయ్య ఉమ్మాడు.

వెనక్కి చూసేసరికి వోల్క్ నవ్వు లేదు. కారు వైపు పరుగెత్తుతున్నాడు. గార్డులిద్దరూ వచ్చి రాందాస్ చేతులు విరిచి పట్టుకున్నారు. అప్పుడు గూడెం లేచింది. అరుపు లేదు, కర్ర లేదు. అరవై మందికి పైగా మనుషులు ఒక్కసారి లేచి నిలబడి, ఏ మాటా లేకుండా గార్డుల వైపు నడిచారు. జంపక్క దగ్గరికొచ్చి, తన కొంగుముడి విప్పి, ఎర్ర మాత్రని ఒక గార్డు మొహం ముందు పట్టుకుంది.

"నువ్వు మింగు," అంది.

వాళ్ళు చేతులు వదిలేశారు.

*

రాందాస్ అంబులెన్స్ తీసేసరికి కారు కనుచూపు దాటిపోయింది. దుమ్ము మాత్రం చెట్ల మీదుగా కనిపిస్తోంది. రెండు కిలోమీటర్ల అవతల దారి చీలుతుంది. ఎడమ సరిహద్దు, కుడి భద్రాచలం. చీలిక దగ్గర దుమ్ము ఆగింది. అతను వాచ్ చూశాడు. మింగి పదహారు నిమిషాలు. దుమ్ము అక్కడే, కదలకుండా, పలచబడుతూ ఉంది.

తర్వాత కుడికి తిరిగింది.

చెక్‌పోస్టు చేరేసరికి వోల్క్ ఫారెస్ట్ గార్డుల బెంచీ మీద చేతులకి బేడీలతో కూర్చుని ఉన్నాడు. కేసు నిర్మలాదేవి ఒళ్ళో ఉంది, పగలకుండా. ఏం జరిగిందో పద్మప్రియ రెండు వాక్యాల్లో చెప్పింది. సరిహద్దు దారిలో చెట్టు కూలిందని, చుట్టు తిరిగి వెళ్దామని అతనికి చెప్పింది. నమ్మడానికి కాసేపు పట్టింది, చివరికి నమ్మాడు.

ఆమె రాందాస్ దగ్గరికి వచ్చింది. కళ్ళజోడు లేదు.

"మింగావా?"

"మింగిన."

"ఎంతసేపైంది?"

"ముప్పై ఎనిమిది నిమిషాలు."

ఇద్దరూ చెక్‌పోస్టు గోడ నీడలో నిలబడ్డారు. ముప్పై తొమ్మిది. ఒక తునికాకు లారీ వచ్చి గేటు దగ్గర ఆగింది. నలభై. నలభై ఒకటి. లారీ వెళ్ళిపోయింది. రాందాస్ గుండె ఎప్పటిలాగే కొట్టుకుంటోంది, ఎవరి పనో చేస్తున్నట్టు.

"చెప్పాను కదా, సున్నం బిళ్ళని," అంది పద్మప్రియ.

"చెప్పిన్రు."

ఆమె వెనక్కి తిరిగి నిర్మలాదేవి ముందు నిలబడింది. "స్టేట్‌మెంట్ ఇస్తాను మేడమ్. గణేష్‌కి టీ పోసింది నేనే. అది కూడా రాసుకోండి."

నిర్మలాదేవి కళ్ళద్దాలు పెట్టుకుని ఆమెని చూసింది. "అది రాయాల్సిన అవసరం లేదు పద్మా. ఆపరేషన్‌లో భాగం. నువ్వు మన మనిషివి."

"గణేష్ గూడ మన మనిషే మేడమ్," అన్నాడు రాందాస్. కోపంగా అనలేదు. లిస్టులో ఒక పేరు తప్పిపోతే గుర్తు చేసినట్టు అన్నాడు.

నిర్మలాదేవి పెన్ను మూత తీసింది. పద్మప్రియ మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. ఫ్లాస్క్ ఏ రంగుదో, పంచదార ఎన్ని చెంచాలు వేసిందో కూడా చెప్పింది.

*

రేలగూడెంలో వైద్యం మొదలైంది. ప్రభుత్వ డాక్టర్ మురళీకృష్ణకి ఇరవై తొమ్మిదేళ్ళు, మొదటి పోస్టింగ్. ఆర్-నైన్ ఒంట్లోంచి మెల్లగా పోతుంది, ఈలోగా గడియారాలన్నిటినీ మళ్ళీ ఒకే టైముకి తేవాలని వాళ్ళకి ఓపిగ్గా వివరించాడు. తెల్లవారిందన్న కబురు అవయవాలకి మోసుకెళ్ళే కార్టిసాల్ అనే హార్మోన్ ఒకటి ఉంది. దాన్ని అందుకునేది కూడా ఒక న్యూక్లియర్ రిసెప్టరే. డెక్సామెథసోన్ చిన్న మాత్రతో అదే తలుపు తట్టవచ్చు. రోజూ పొద్దున ఒకే వేళకి మాత్ర, ఒకే వేళకి తిండి, కాసేపు ఎండ. పద్నాలుగు రోజులు.

అంతా విన్నాక జంపక్క మాత్రని చేతిలోకి తీసుకుని, డాక్టర్ అరచేతిలో పెట్టింది.

"నువ్వు మింగు ముందుగల."

డాక్టర్ నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. మింగాడు. నోరు తెరవమన్నారు, తెరిచాడు. మర్నాడు మళ్ళీ అదే. ఆ మర్నాడూ అదే.

రాందాస్‌ని డెస్క్ రెండు నెలల సెలవు మీద పంపింది. వెళ్ళే ముందు ఖమ్మంలో నిర్మలాదేవి అతని వాచ్ రికార్డు చూపించింది. పద్దెనిమిది రోజుల ఒంటి వేడి, పగలు పైకి, తెల్లారుజామున కిందికి, రోజూ ఒకే అల.

"నీ గడియారం బాగానే ఉంది రాందాస్."

"అవును మేడమ్."

"మరి?"

"మరి ఏం లేదు." కాగితం మీది అలని వేలితో తడిమాడు. "ఒక మాత్ర వల్ల అయ్యుంటే బాగుండేది."

ఆమె సొరుగులోంచి ఒక కాగితం తీసి ముందుకి జరిపింది. రేలగూడెం నుంచి డాక్టర్ మురళీకృష్ణ పంపగా ఆ ఉదయమే వచ్చిన ఫైనల్ రిపోర్టు. రాందాస్ చదివాడు. చివరికొచ్చాక మళ్ళీ పైకి వెళ్ళి, చివరి పేరా రెండోసారి చదివాడు. పెదవి చివర ఏదో కొంచెం కదిలింది. ఈసారి ఎక్కడ నవ్వాలో చుట్టూ చూడలేదు.

అందులో ఇలా ఉంది: 'పేషెంట్లు అరవై ముగ్గురూ వేళకి నిద్రపోతున్నారు, వేళకి లేస్తున్నారు. అవసరం లేని డెక్సామెథసోన్ పద్నాలుగు రోజులు మింగినందువల్ల ఈ గూడెంలో ప్రస్తుతం నిద్ర పట్టనిది నాకొక్కడికే. ఇక చాలని జంపక్క గారికి చెప్పగల సీనియర్ అధికారిని వెంటనే పంపగలరు.'